కాటా గదిలో పాత సిస్టమ్: పాత విండోస్ వెతికి వేయడం ఎలా

యాసంగి వడ్లు దిగే రోజులు. మిర్యాలగూడ పక్కన ఒక రైస్ మిల్లు కాటా గదిలో సిస్టమ్ ఆగిపోయిందని ఫోన్ వస్తే నల్లగొండ నుంచి బండేసుకుని వెళ్లాను. హార్డ్ డిస్క్ పోయింది. కొత్తది బిగించి, ఎలాగూ వేస్తున్నాం కదా అని విండోస్ 10 వేశాను. సిస్టమ్ శుభ్రంగా ఆన్ అయింది. కాటా సాఫ్ట్‌వేర్ కూడా తెరుచుకుంది. తీరా లారీ కాటా ఎక్కాక చూస్తే స్క్రీన్ మీద బరువు సున్నా. పక్కన బల్ల మీదున్న ఇండికేటర్‌లో ఎర్ర అంకెలు మాత్రం బరువు చూపిస్తూనే ఉన్నాయి. గేటు అవతల లారీలు వరుస కట్టాయి. డ్రైవర్లు దిగి బీడీలు ముట్టించారు. గుమాస్తా నా భుజం పట్టుకుని, "తమ్మీ, నీకు దండం పెడతా. కొత్తది నాకెందుకు, పాతదే పెట్టియ్" అన్నాడు.

తప్పు నాదే. ఇండికేటర్ నుంచి వచ్చే వైరు ఒక పాత సీరియల్ కార్డుకు తగిలించి ఉంది. ఆ కార్డును విండోస్ గుర్తుపట్టేలా చేసే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ మా దగ్గరున్నది 32 బిట్ అనే పాత రకానిది. నేను వేసింది 64 బిట్ అనే కొత్త రకం విండోస్. 64 బిట్ విండోస్ 32 బిట్ డ్రైవర్‌ను ససేమిరా తీసుకోదు. రాత్రి పదింటికి విండోస్ 7, 32 బిట్ వేశాక గానీ స్క్రీన్ మీద బరువు రాలేదు. విండోస్ 10లోనూ 32 బిట్ రకం ఉంది, నిజమే. కానీ అంతమంది తల మీద నిలబడి చూస్తుంటే ఇంకో ప్రయోగం చేసే ధైర్యం లేకపోయింది.

అప్పటి నుంచి ఏ పాత సిస్టమ్ ముందు కూర్చున్నా మొదట అడిగేది ఒక్కటే: దీంతో మీరు చేసే పనేంటి? మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

పాత విండోస్ ఎవరికి కావాలి, ఎవరికి వద్దు

లారీ కాటా, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, పేజ్‌మేకర్‌లో పెళ్లి కార్డులు కొట్టే డీటీపీ షాపు, ఎప్పుడో కొన్న అకౌంట్స్ సాఫ్ట్‌వేర్: ఇలాంటి చోట సిస్టమ్ ఒక యంత్రానికో, ఒకే ఒక్క ప్రోగ్రామ్‌కో కట్టుబడి ఉంటుంది. అక్కడ పాత విండోస్ వేయడంలో తప్పు లేదు. షరతు ఒక్కటే, దానికి ఇంటర్నెట్ ఇవ్వకూడదు.

పిల్లల చదువుకు, ఆన్‌లైన్ దరఖాస్తులకు, బ్యాంకు పనికి అయితే పాత విండోస్ జోలికి పోకండి. ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. విండోస్ 7కు 2020 జనవరి 14, 8.1కి 2023 జనవరి 10, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14. బ్రౌజర్ల సంగతీ అంతే. విండోస్ 7లో క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది, ఎక్స్‌పీలో 49 దగ్గర. అలాంటి దాంట్లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం అంటే ఇంటికి తాళం వేసి తాళంచెవిని గుమ్మం మీదే పెట్టి పోవడం. ఇలాంటి సిస్టమ్‌లకు ఏం వేయాలో చివర్లో చెబుతాను.

డబ్బా విప్పి చూడండి

ముందు దుమ్ము దులపండి. నవ్వకండి. మిల్లు సిస్టమ్‌లలో సగం "స్లో అయింది" ఫిర్యాదులకు కారణం విండోస్ కాదు, ప్రాసెసర్ ఫ్యాన్ సందుల్లో గడ్డకట్టిన ఊక దుమ్ము. ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు పళ్లను మెత్తటి రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టండి. కొన్నిసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది.

తర్వాత మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, మదర్‌బోర్డు మోడల్ ఏది. సిస్టమ్ ఆన్ అయితే సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఈ మూడూ చెప్పేస్తుంది. ఆన్ కాకపోతే బోర్డు మీదే మోడల్ అచ్చువేసి ఉంటుంది, టార్చి కొట్టి చదవండి. మన దగ్గర పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లలో జీ31, జీ41 చిప్‌సెట్ బోర్డులు తెగ కనబడతాయి. జీ31 అయితే ర్యామ్ 4 జీబీ దాటదు. వాటికి కావాల్సిన పాత ర్యామ్ ఇక్కడ దొరక్కపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ బజారులో వెతకాల్సిందే.

ఇక లెక్క. ఎక్స్‌పీకి 512 ఎంబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. విండోస్ 7కు 32 బిట్ అయితే కనీసం 1 జీబీ, 64 బిట్ అయితే 2 జీబీ అని కంపెనీ మాట. నా మాట వింటే రెండింతలు వేసుకోండి. 32 బిట్ విండోస్‌లో 4 జీబీ ర్యామ్ పెట్టినా 3 చిల్లరే వాడుకుంటుంది, ర్యామ్ పాడైందని కంగారు పడొద్దు. విండోస్ 11 గురించి అడక్కండి. టీపీఎం అనే భద్రతా చిప్ లేకపోయినా వేసే కిటుకులు ఉన్నమాట నిజమే కానీ, 24హెచ్2 అనే వెర్షన్ నుంచి కోర్ 2 డ్యుయో లాంటి ప్రాసెసర్ల మీద అది అసలు బూటే కాదు. ఆ ప్రాసెసర్లలో లేని ఆదేశాలు దానికి తప్పనిసరి.

డబ్బా పక్కన విండోస్ స్టిక్కర్ ఉందేమో చూసి వెంటనే ఫోటో తీసుకోండి. దాని మీది ఇరవై అయిదు అక్షరాల లైసెన్స్ కీ చాలాచోట్ల అరిగిపోయి ఉంటుంది. కీ కంటే పైన రాసి ఉన్న రకం ముఖ్యం. హోమ్ బేసిక్ కీ ప్రొఫెషనల్‌కు పనిచేయదు. 32 బిట్, 64 బిట్ రెండింటికీ మాత్రం అదే కీ చెల్లుతుంది.

ఫార్మాట్ కొట్టే ముందు

దేవరకొండలో ఒక డీటీపీ షాపుకు ఫార్మాట్ కొట్టి ఇచ్చినప్పుడు పెళ్లి కార్డుల ఫైళ్లన్నీ జాగ్రత్తగా కాపీ చేశాను. ఫాంట్స్ ఫోల్డర్ మర్చిపోయాను. మర్నాడు ఆయన పాత కార్డు తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా కనబడ్డాయి. పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానంలోనే తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేకపోతే ఫైలు ఉన్నా లేనట్టే.

అందుకని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసుకుంటే సరిపోయిందనుకోకండి. సీ డ్రైవ్‌లో విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ తీసుకోండి. పాత కాటా, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లు డేటాను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో తమ ఫోల్డర్ లోపలే దాచుకుంటాయి, ఆ ఫోల్డర్ మొత్తం తీసుకోండి. సాఫ్ట్‌వేర్ సీడీ ఉందా, గీతలు పడకుండా చదువుతుందా అన్నది ఇప్పుడే చూసుకోవాలి, ఫార్మాట్ అయ్యాక కాదు. విండోస్‌లో సిస్టమ్ భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి పోర్టుల పేర్లు, వాటి నంబర్లు ఫోటో తీసుకోండి. కాటా సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ పేజీ కూడా. ఈ ఫోటోలు తర్వాత మీ ప్రాణం కాపాడతాయి.

కాస్త ఖర్చయినా పరవాలేదు అనిపిస్తే ఇంకో మంచి పద్ధతి ఉంది. పాత డిస్క్‌ను ముట్టుకోకుండా తీసి పక్కన పెట్టి, ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన కొత్త రకం డిస్క్ మీద వేయండి. ఏదైనా మర్చిపోతే పాత డిస్క్ తగిలించి తెచ్చుకోవచ్చు. పైగా పాత సిస్టమ్‌కు ఎస్‌ఎస్‌డీ ఇచ్చే ఊపు ఇంకే ఖర్చూ ఇవ్వదు.

ఎక్కడ వెతకాలి

విండోస్ 10 అయితే మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది. విండోస్ సిస్టమ్ నుంచి తెరిస్తే మీడియా క్రియేషన్ టూల్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇస్తుంది. అదే పేజీ ఫోన్‌లో తెరిస్తే నేరుగా ఐఎస్‌ఓ ఫైలే, అంటే విండోస్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా, ఇస్తుంది. 32 బిట్ కావాలంటే అక్కడే ఎంచుకోవచ్చు.

ఎక్స్‌పీ, విండోస్ 7 మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఇవ్వడం ఆపేసింది. మరి ఎక్కడ? మొదట మీ ఇంట్లోనే. సిస్టమ్ కొన్నప్పుడు ఇచ్చిన డీవీడీ బీరువాలో, వారంటీ కాగితాల కవర్లో ఉంటుంది. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే డిస్క్‌లోనే రికవరీ భాగం దాచి ఉంటుంది. హెచ్‌పీకి ఆన్ చేయగానే ఎఫ్11, ఏసర్‌కు ఆల్ట్ పట్టుకుని ఎఫ్10 కొడితే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి విండోస్, డ్రైవర్లతో సహా తిరిగి వచ్చేస్తుంది. ఆ భాగాన్ని "ఖాళీ జాగా కలుస్తుంది కదా" అని చెరిపేసిన వాళ్లెందరో.

ఇక బజారులో తిరిగే "అన్ని విండోస్‌లూ ఉన్న పెన్‌డ్రైవ్". దాంట్లో ఉన్నది అసలు విండోస్ కాదు. ఎవరో విప్పి, కొన్ని పీకేసి, లైసెన్స్ లేకుండానే నడిపించే యాక్టివేటర్ కలిపి కుట్టిన బొంత. వేసిన మూడో రోజు డెస్క్‌టాప్ మీద మీకు తెలియని ఐకాన్లు మొలుస్తాయి. యాక్టివేటర్ పేరుతో వచ్చే ప్రోగ్రామ్ మీ యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతుంది, అక్కడే అర్థం చేసుకోవాలి.

తెలిసిన వాళ్ల దగ్గర ఐఎస్‌ఓ ఉందంటే తీసుకోండి, కానీ వేలిముద్ర చూసి తీసుకోండి. ప్రతి ఫైలుకూ హాష్ అని ఒక పొడుగాటి కోడ్ ఉంటుంది. సెవెన్-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి అందులో ఎస్‌హెచ్‌ఏ ఎంచుకుంటే ఆ కోడ్ చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అసలు ఫైలు కోడ్‌తో అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే అది అసలుది. ఒక్క అక్షరం తేడా ఉన్నా పక్కన పడేయండి. మీ దగ్గర కీ ఉండాలన్నది వేరే సంగతి. ఐఎస్‌ఓ దొరికినంత మాత్రాన లైసెన్స్ వచ్చినట్టు కాదు.

పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. దాంట్లో ఉన్నదంతా పోతుంది, పెళ్లి ఫోటోలుంటే ముందే తీసేయండి. ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి. ఒక తిరకాసు: రూఫస్ 4 నుంచి విండోస్ 7లో నడవదు. పెన్‌డ్రైవ్ తయారుచేసే సిస్టమ్ కూడా విండోస్ 7 అయితే 3.22 వెర్షన్ తెచ్చుకోవాలి. పాత వెర్షన్లు రూఫస్ వాళ్ల దగ్గరే ఉంటాయి.

రూఫస్‌లో అందరూ తడబడేది పార్టిషన్ స్కీమ్, అంటే డిస్క్‌ను భాగాలు చేసే పద్ధతి, దగ్గర. బయోస్ అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగ్స్. అది పాత నీలిరంగుదైతే ఎంబీఆర్. దాని బదులు మౌస్‌తో తిరిగే కొత్త రకం యూఈఎఫ్ఐ ఉండి, విండోస్ 10 వేస్తుంటే జీపీటీ. విండోస్ 7 వేస్తుంటే ఎంబీఆర్ పెట్టి, బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి లెగసీ, అంటే పాత పద్ధతి, ఆన్ చేయడమే సులువు.

ఎక్స్‌పీకి పెన్‌డ్రైవ్‌తో కుస్తీ పట్టకండి. సీడీ డ్రైవ్ ఉంటే సీడీనే వాడండి, తక్కువ స్పీడులో రాస్తే చక్కగా చదువుతుంది.

బయోస్‌లో మూడు చూపులు

మొదటిది తేదీ. సిస్టమ్ ఆన్ చేసిన ప్రతిసారీ ఏళ్ల వెనక్కి పోతుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. 2032 నంబర్ బిళ్ల వాచీ షాపులో కూడా దొరుకుతుంది. తేదీ తప్పుంటే వెబ్‌సైట్లు తెరుచుకోవు, యాక్టివేషన్ కాదు, కాటా చిట్టీ మీద తప్పు తేదీ పడుతుంది. మిల్లు వాళ్లకు ఈ మూడోదే పెద్ద గొడవ.

రెండోది సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి. ఎక్స్‌పీ వేసేటప్పుడు నీలి తెర వచ్చి చివర్లో 7బీ అని కోడ్ కనిపిస్తే డిస్క్ పాడైందని అనుకోకండి. ఎక్స్‌పీకి ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి అర్థం కాదు. బయోస్‌లో దాన్ని ఐడీఈ అనే పాత పద్ధతికి మార్చండి. విండోస్ 7కు ఏహెచ్‌సీఐ అలాగే ఉండనివ్వండి.

మూడోది బూట్ మెనూ, సిస్టమ్ దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునేది. డెల్, లెనోవో, గిగాబైట్ బోర్డులకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్ బోర్డులకు ఎఫ్8. ఆన్ చేసిన క్షణం నుంచే టకటకా కొడుతూ ఉండండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

కరెంటు గురించి మీకు చెప్పక్కర్లేదు. యూపీఎస్ పనిచేయకపోతే ఇన్వర్టర్ లైను మీద పెట్టండి.

విండోస్ 7 వేసేటప్పుడు "కావాల్సిన సీడీ, డీవీడీ డ్రైవర్ లేదు" అని ఒక వింత మెసేజ్ వస్తుంది. మీరు సీడీ వాడటమే లేదాయె! అసలు విషయం ఏంటంటే, విండోస్ 7లో యూఎస్‌బీ 3 డ్రైవర్లు లేవు. పెన్‌డ్రైవ్ నీలిరంగు పోర్టులో ఉంటే అది కనబడదు. తీసి నల్లరంగు పోర్టులో పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. కీబోర్డు, మౌస్ కూడా నల్ల పోర్టుల్లోనే.

కస్టమ్ ఎంచుకుంటే డ్రైవ్‌ల జాబితా వస్తుంది. చెయ్యి ఆపాల్సింది ఇక్కడే. ఇక్కడ సీ, డీ అని అక్షరాలు కనబడవు, పార్టిషన్ 1, 2, 3 అనే ఉంటాయి. సైజు చూసి గుర్తుపట్టాలి. 100 ఎంబీ ఉన్న చిన్న ముక్క, దాని కింది పాత సీ, ఈ రెండే డిలీట్ చేయండి. అనుమానం ఉంటే బయటికొచ్చి మళ్లీ చూసుకోండి. కీ అడిగితే ఇప్పటికి ఖాళీగా వదిలి ముందుకెళ్లొచ్చు, 30 రోజుల టైమ్ ఉంటుంది. అన్నీ సరిగ్గా నడుస్తున్నాయని తేలాకే కీ కొట్టండి.

డ్రైవర్లు, తర్వాత కాటా

విండోస్ పడ్డాక మొదట నెట్‌వర్క్ డ్రైవర్. అది లేకపోతే మిగతావి తెచ్చుకునే దారే ఉండదు, అందుకే ముందే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. తర్వాత చిప్‌సెట్, గ్రాఫిక్స్, సౌండ్.

విండోస్ 7కు కేబీ 4490628, కేబీ 4474419 అనే రెండు అప్‌డేట్లు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి తెచ్చి, ఇదే వరుసలో వేయండి. కొత్త రకం డిజిటల్ సంతకాన్ని గుర్తుపట్టడం దానికి అప్పుడే వస్తుంది. ఇవి లేకపోతే మిగతా అప్‌డేట్లు, కొన్ని డ్రైవర్లు ఎందుకు పడటం లేదో అర్థంకాక జుట్టు పీక్కుంటారు.

ఇక కాటా. ఇండికేటర్ వైరు ఏ కామ్ పోర్టుకు (సీరియల్ పోర్టుకు విండోస్ ఇచ్చే పేరు) ఉందో డివైస్ మేనేజర్‌లో చూడండి. సీరియల్ పోర్టు లేక యూఎస్‌బీ కన్వర్టర్ వాడితే విండోస్ దానికి కామ్ 5, కామ్ 7 అని ఏదో నంబర్ ఇస్తుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో కామ్ 1 నుంచి 4 వరకే ఉంటాయి. అప్పుడు ఆ పోర్టు ప్రాపర్టీస్‌లో పోర్ట్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ లోకి వెళ్లి నంబర్ మార్చండి. కన్వర్టర్‌ను ఆ తర్వాత వేరే రంధ్రంలో పెడితే నంబర్ మళ్లీ మారొచ్చు, అందుకే ఆ రంధ్రం పక్కన నెయిల్ పాలిష్‌తో చుక్క పెడతాను. బాడ్ రేట్, అంటే వైరులో డేటా వచ్చే వేగం, ఇండికేటర్‌లో ఎంతుంటే ఇక్కడా అంతే ఉండాలి. తేడా ఉంటే బరువు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అసలేమీ రాకపోతే వైరు, పిచ్చి గుర్తులు వస్తే బాడ్ రేట్. సగం రిపేర్లు ఈ ఒక్క ముక్కతో తేలిపోతాయి.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు డ్రైవర్ దొరక్కపోతే విండోస్‌లోనే ఉన్న జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ ఎంచుకోండి. చిట్టీ కొట్టడానికి అది చాలు. తెలుగు అక్షరాలు, లోగో మాత్రం రావు.

నెట్ కావాల్సిన వాళ్లకు

64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత సిస్టమ్ వేయండి. 22వ వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. చూడటానికి విండోస్ 7 లాగే ఉంటుంది, మా ఇంట్లో నాన్న తేడా గుర్తుపట్టడానికి వారం పట్టింది. వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, సౌండ్, వైఫై వస్తున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. 32 బిట్ ప్రాసెసర్ అయితే డెబియన్ అనే ఇంకో లినక్స్ 12వ వెర్షన్ తెచ్చుకోండి. 13 నుంచి 32 బిట్‌కు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు. విండోస్‌తో పోలిస్తే లినక్స్‌లో ఉన్న సుఖం ఇదే, డెబియన్, ఉబుంటు వాళ్లు తమ పాత వెర్షన్లన్నీ తమ సైట్లలోనే భద్రంగా ఉంచారు. ఎవరి పెన్‌డ్రైవ్‌నూ అడుక్కోవాల్సిన పని లేదు.

కొత్త సిస్టమ్ కొన్నా పాత సాఫ్ట్‌వేర్ వదలలేని వాళ్లు ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ వేసి, దాని లోపల ఎక్స్‌పీ నడపొచ్చు. సీరియల్ పోర్టును కూడా లోపలికి అందించొచ్చు. రద్దీ లేని ఆఫీసుకు బాగుంటుంది. సీజన్లో ఉన్న కాటాకు మాత్రం నేనైతే పెట్టను.

చివరి గంట

అంతా నడుస్తోంది, బరువు వస్తోంది, చిట్టీ పడుతోంది. ఇప్పుడే ల్యాన్ వైరు పీకేయండి. తర్వాత క్లోన్‌జిల్లా అనే డిస్క్ కాపీ ప్రోగ్రామ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా (ఉన్నదున్నట్టు కాపీగా) ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకోండి. మళ్లీ డిస్క్ పోతే ఈ తతంగమంతా అక్కర్లేదు. కొత్త డిస్క్ పెట్టి ఇమేజ్ ఎక్కిస్తే గంట లోపే పాత స్థితికి వస్తుంది. కొత్త డిస్క్ సైజు పాతదానికి తగ్గకూడదు, అంతే.

ఆ మిల్లులో ఇప్పుడు డబ్బా లోపలి రేకుకు ఒక కాగితం సెల్లోటేప్‌తో అంటించి ఉంది. విండోస్ 7, 32 బిట్. కామ్ 1. బాడ్ రేట్ 2400. ఇమేజ్ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, డిస్క్ సేటు బీరువాలో. కింద గుమాస్తా తన చేతిరాతతో ఇంకో లైను కలిపాడు: "కొత్తది వేయవద్దు."